పాత షెడ్డు కోళ్ల గూడుగా మారే ముందు

పెరట్లో పనికిరాని సామానుతో నిండి, తలుపు కూడా సరిగా పడని రేకుల షెడ్డును ఖాళీ చేసి, అందులో నాలుగు నాటుకోళ్లను పెంచుకోవాలన్న కోరిక ఈనాడు పల్లెలకే పరిమితం కాలేదు. పట్టణ శివార్లలో కొంచెం పెరడు ఉన్న ఇళ్లవారు, ఉద్యోగ విరమణ చేసి సొంత ఊరు చేరినవారు, పిల్లలకు ‘మందులు లేని గుడ్డు’ పెట్టాలని తపించే తల్లిదండ్రులు కూడా ఈ దారి పడుతున్నారు. కోరిక మంచిదే. అయితే ఈ విషయమై జరిగే సంభాషణలు సాధారణంగా మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి: ఏ జాతి కోడి మేలు? ఏడాదికి ఎన్ని గుడ్లు పెడుతుంది? ముంగిస రాకుండా ఏం చేయాలి? ఆ షెడ్డులో ఇంతవరకు ఏమేమి నిల్వ ఉన్నాయి, దాని పైకప్పు దేనితో చేసినది, గాలి ఎటునుంచి ఎటు పోతుంది, వంటగదికి అది ఎంత దూరంలో ఉన్నది, ఇంట్లో పాకే వయసు బిడ్డ ఉన్నదా అని అడిగేవారు అరుదు.

వైద్యునిగా నాకు ఈ రెండవ వరుస ప్రశ్నలే ముఖ్యం. కోళ్ల గూడును మనం పశుపోషణకు చెందిన కట్టడంగా చూస్తాం. నా అభిప్రాయంలో అది పారిశుద్ధ్యానికి చెందిన కట్టడం. మరుగుదొడ్డి మనిషి మలాన్ని మనిషి జీవితం నుంచి వేరు చేసినట్టే, గూడు కోడి రెట్టను మన అరుగు నుంచి, వంటగది నుంచి, పసిబిడ్డ చేతి నుంచి వేరు చేయాలి. ఆ పని చేయలేని షెడ్డు, ఎన్ని హంగులు కూర్చినా, గూడు అనిపించుకోదు.

కోళ్ల పెంపకానికి నేను వ్యతిరేకిని కాను

ముందుగా ఈ మాట స్పష్టం చేయాలి. గుడ్డు వంటి సంపూర్ణాహారం ఇంత చౌకగా మరొకటి దొరకడం కష్టం. ఒక్క గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు, వాటితోపాటు విటమిన్ ఎ, విటమిన్ బి12, మెదడు ఎదుగుదలకు తోడ్పడే కోలిన్ లభిస్తాయి. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి ఏడాదికి 180 గుడ్లు ఉండాలని చాలాకాలంగా చెబుతున్నది. అంటే రోజుకు సగం గుడ్డు. మన దేశపు సగటు ఇంకా ఆ అంకెకు చాలా దిగువన ఉన్నది. అదే హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లో ఉన్న కోళ్ల పరిశోధన సంచాలకాలయం పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ వంటి రకాలను రూపొందించింది. మామూలు నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే, పెరటి పరిస్థితుల్లో గ్రామప్రియ అంతకు రెండు మూడు రెట్లు పెట్టగలదు. నాలుగైదు కోళ్లు ఉన్న ఇంట్లో పిల్లలకు గుడ్డు కొరత ఉండదు.

ఇక్కడే ఒక ఆలోచింపజేసే విషయం ఉన్నది. ఇథియోపియా గ్రామాల్లోని కుటుంబాలను పరిశీలించి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కోళ్లు ఉన్న ఇళ్లలోని పిల్లలు వయసుకు తగిన ఎత్తు విషయంలో కొంత మెరుగ్గా ఉన్నట్లు తేలింది. కానీ రాత్రిపూట కోళ్లను మనుషులు పడుకునే ఇంట్లోనే మూసి ఉంచే కుటుంబాలలో ఫలితం ఇందుకు విరుద్ధంగా కనిపించింది. అలా ఉంచడానికీ పిల్లల ఎదుగుదల తగ్గడానికీ సంబంధం కనబడింది. ఇది పరిశీలన మాత్రమే. ఒకటి రెండవదానికి కారణమని నిరూపించదు. అయినప్పటికీ దాని సారాంశం మన అనుభవానికి దూరమైనది కాదు. కోడి మేలు చేస్తుంది; కోడి ఎక్కడ పడుకుంటుందన్నది ఆ మేలును నిలపగలదు, హరించగలదు.

కారణం ఊహించడం కష్టం కాదు. జింబాబ్వే గ్రామాల్లో పరిశోధకులు పాకే వయసు పిల్లలను గంటల తరబడి గమనించినప్పుడు, కొందరు మట్టిని, కోడిరెట్టను నోట పెట్టుకోవడం స్వయంగా చూశారు. మన పెరళ్లలోని పిల్లలు ఇందుకు భిన్నమని అనుకోవడానికి ఆధారం లేదు. ఇలా పదేపదే క్రిములు లోపలికి వెళ్లే పసివాడికి ప్రతిసారీ విరేచనాలు కావాలని లేదు. పేగు లోపలి పొర నిరంతరం వాచి ఉండి, తిన్న ఆహారంలోని సారాన్ని సరిగా గ్రహించలేని స్థితి ఏర్పడవచ్చునని వైద్యులు భావిస్తున్నారు. బిడ్డ జబ్బుపడినట్టు కనిపించడు, కానీ ఎదగడు. ఒక చేత్తో గుడ్డు పెట్టి, మరొక చేత్తో దాని ఫలాన్ని తీసివేయడం అంటే ఇదే.

‘మా అమ్మమ్మ ఇంట్లో కోళ్లు గంప కిందే ఉండేవి’

ఈ వాదన నాకు తరచుగా ఎదురవుతుంది. పూర్వం కోళ్లను వసారాలోనే గంప కింద కమ్మేవారు, వంటింటి గడప దాకా వచ్చి మెతుకులు ఏరుకునేవి, ఎవరికీ ఏమీ కాలేదు కదా అని అంటారు. ఎవరికీ ఏమీ కాలేదన్నది బ్రతికి ఉన్నవారు చెప్పే మాట. ఆ రోజుల్లో ఒక్కొక్క తల్లి కన్న బిడ్డల్లో ఎందరు అయిదేళ్లు నిండకుండా పోయారో, వారిలో ఎందరిని వాంతులు విరేచనాలు బలిగొన్నాయో పాత కుటుంబాల పెద్దలను అడిగితే తెలుస్తుంది. ఆ విరేచనాలకు కారణం నీరా, ఈగలా, కోళ్లా అని పరీక్షించిన ప్రయోగశాల ఏదీ ఆనాడు పల్లెలో లేదు.

పైగా పరిస్థితులూ మారాయి. అప్పటి కోడికి పగలంతా ఊరే ఆవరణ. ఇంటి చుట్టూ ఖాళీ జాగా ఉండేది. రెట్ట ఎండకు ఎండి మట్టిలో కలిసిపోయేది. ఇప్పుడు రెండు మూడు సెంట్ల పెరట్లో, ఇరుగు పొరుగు గోడల నడుమ, పది కోళ్లు పొద్దస్తమానం అక్కడే తిరుగుతాయి. పెరట్లోనే బోరు, బట్టలు ఆరేసే తీగ, కొత్తిమీర మడి ఉంటాయి. పైపెచ్చు, ఇప్పుడు మనల్ని భయపెడుతున్న హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ వంశానికి చెందిన వైరసును మొదట గుర్తించినది 1996లో, చైనాలోని బాతుజాతి పక్షుల్లో. అమ్మమ్మగారి గంపకు ఆ పరీక్ష ఎదురు కాలేదు.

ముందు షెడ్డు చరిత్ర తెలుసుకోండి

షెడ్డు అనేది వస్తువుల కోసం కట్టినది. వస్తువులకు ఊపిరి ఉండదు, అవి నేలను గీకవు, గోడను పొడవవు. కోడి ఈ మూడూ చేస్తుంది. కనుక ఇన్నాళ్లూ హాని చేయకుండా పడి ఉన్నవి కోళ్లు చేరిన తరువాత హానికరం కాగలవు.

మొదటిది పైకప్పు. మన ప్రాంతంలో పాత షెడ్లపై ఉండే సిమెంటు రేకులలో అధికభాగం ఆస్‌బెస్టాస్ కలిసినవే. మన దేశంలో ఆ ఖనిజం తవ్వకాన్ని నిలిపివేసినా, దిగుమతి చేసుకొని రేకుల తయారీలో వాడటం కొనసాగుతూ వచ్చింది. పగలకుండా, కదలకుండా ఉన్న రేకు వల్ల ముప్పు స్వల్పం. గాలి కోసమని దానికి రంపంతో కంతలు కోసినా, డ్రిల్లింగు చేసినా, పాత రేకులను విరగ్గొట్టి దించినా కంటికి కనబడని సన్నని నార గాలిలోకి లేస్తుంది. అది ఊపిరితిత్తులలో చేరితే బయటకు రాదు. ఊపిరితిత్తుల క్యాన్సరు, వాటి చుట్టూ ఉండే పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సరు 20 నుంచి 40 ఏళ్ల తరువాత బయటపడవచ్చు. అన్ని రకాల ఆస్‌బెస్టాస్ క్యాన్సరు కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ద్వంద్వంగా చెప్పింది. కనుక నా సలహా ఒక్కటే: రేకు జోలికి పోకండి, గాలి కావాలంటే గోడను తెరవండి. రేకు అప్పటికే పగిలి, పొడి రాలుతూ ఉంటే ఆ షెడ్డు కోళ్లకు పనికిరాదు. దాన్ని మార్చక తప్పనప్పుడు బాగా తడిపి, విరగ్గొట్టకుండా మొత్తంగా దించాలి. ఆ సమయంలో పిల్లలు ఆ ఛాయలకు రాకూడదు.

రెండవది రంగు. ఇంటి రంగులలో సీసం పరిమితిని పది లక్షల భాగాలకు 90 భాగాలుగా నిర్ణయించిన నిబంధన మన దేశంలో 2017 నవంబరులో మాత్రమే అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన నూనె రంగుల పెచ్చులు పాత తలుపుల నుంచి, కిటికీల నుంచి రాలి నేలలో కలిసి ఉంటాయి. కోడి వాటిని గింజలని భ్రమించి తింటుంది. సీసం దాని ఒంట్లో చేరి గుడ్డులోకి వస్తుంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో పెరటి కోళ్ల గుడ్లను పరీక్షించినప్పుడు దుకాణపు గుడ్లలో కంటే వాటిలో సీసం చాలా ఎక్కువగా ఉన్నట్లు తేలింది. కారణం పాత ఇళ్ల చుట్టూ ఉన్న మట్టి. పసిపిల్లల మెదడుకు సురక్షితమైన సీసం మోతాదు అంటూ ఏదీ లేదు. పెచ్చులూడిన తలుపును గీకి రంగు వేయడం కంటే దాన్ని తీసివేసి కొత్తది పెట్టడమే మేలు. లోపలి నేలపై మట్టిని నాలుగైదు అంగుళాలు తీయించి, శుభ్రమైన మట్టి పోయించాలి. పాత బ్యాటరీలు పెట్టిన చోటైతే ఈ పని తప్పనిసరి.

మూడవది, నా దృష్టిలో అన్నింటికంటే ప్రమాదకరమైనది, పురుగుమందు. వ్యవసాయ కుటుంబాల షెడ్డులో సగం వాడిన డబ్బాలు, చిరిగిన గుళికల సంచులు లేనిచోటు అరుదు. గుళికల మందు చూడటానికి నూకల్లా ఉంటుంది. కోడి ముక్కుకు ఆ తేడా తెలియదు. కోడి చచ్చిపోతే ఒక నష్టం. చావకుండా ఆ విషంతో గుడ్డు పెడితే అంతకు మించిన నష్టం. ఖాళీ మందు డబ్బాను కోసి కోళ్లకు నీటి తొట్టిగా వాడే అలవాటు మరొకటి ఉన్నది. 2013 జులైలో బీహారులోని సారణ్ జిల్లా పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు మరణించారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసి ఉన్నట్లు పరీక్షలలో తేలింది. పురుగుమందు డబ్బాను ఎంత కడిగినా అది పాత్ర కాదు. మందులు నిల్వ చేసిన షెడ్డులో మందు ఒలికిన మరకలు, వాసన ఇంకా ఉంటే ఆ గదిని కోళ్లకు ఇవ్వకండి. దానికంటే వెదురు తడికలతో కొత్త గూడు అల్లించుకోవడం చౌక, క్షేమం.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారికీ ఒక మాట. అక్కడి పెరటి షెడ్లు సాధారణంగా చెక్కవి. చెద పట్టకుండా, వానకు కుళ్లకుండా ఆర్సెనిక్ పట్టించిన కలపను ఇళ్ల నిర్మాణంలో వాడటం అక్కడ 2003 చివరి దాకా సాగింది. ఇళ్ల రంగులలో సీసాన్ని 1978లోనే నిషేధించారు. షెడ్డు వయసు తెలుసుకోకుండా ఆ కలపను కోయడం, కాల్చడం, దాని పొట్టును కోళ్ల కింద పరచడం తగదు. కోవిడ్ కాలంలో అక్కడ పెరటి కోళ్ల సరదా బాగా పెరిగింది; 2020లో పెరటి కోళ్లతో ముడిపడిన సాల్మొనెల్లా వ్యాధి ఆ దేశంలో 1,722 మందిలో నమోదైంది. అంతటి సదుపాయాలున్న దేశంలోనే ఇలా జరిగితే, చేయి కడుక్కునే కుళాయి పెరట్లో లేని మన ఇళ్ల సంగతి ఆలోచించండి.

గాలి కోడికి, గోడ మనిషికి

షెడ్డు శుభ్రమైనదని తేలిన తరువాతనే మార్పులు మొదలుపెట్టాలి. మొదటి మార్పు గాలి. కోడికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి ఎగరొప్పడం ద్వారానే అది ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. మన మే నెల మధ్యాహ్నం మూసిన రేకుల గదిలో కోళ్లు నిలువునా చనిపోతాయి. ఇక రాత్రి విషయానికి వస్తే, రెట్ట నుంచి వెలువడే అమ్మోనియా మూసిన గదిలో పేరుకొని కోళ్ల కళ్లను, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఉదయం తలుపు తీసి ఊడ్చే ఇల్లాలు ఆ గాలినే పీలుస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి అది చాలు, ఆయాసం రావడానికి. ఏళ్ల తరబడి రెట్ట, ఈకల ధూళి పీల్చేవారిలో కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు కూడా వస్తుంది.

కాబట్టి గది పొడవు తూర్పు పడమరలుగా ఉండి, ఉత్తర దక్షిణపు గోడలు పై సగం తెరిచి ఉండటం ఉత్తమం. ఆ తెరిచిన భాగానికి అరంగుళం కంతల వెల్డ్‌మెష్ బిగించాలి. పలుచని కోడివల ముంగిసను, పందికొక్కును ఆపలేదు. జాలీని గోడ అడుగున ఒక అడుగు లోతు పాతితే అవి తవ్వి రాలేవు. వానజల్లుకు గోనెపట్టాలు దించుకోవచ్చు. వేసవిలో వాటినే తడిపి వేలాడదీయవచ్చు. రేకు మీద సున్నం కొట్టి, తాటాకు పరిస్తే లోపలి వేడి గణనీయంగా తగ్గుతుంది.

రెండవది స్థలం. ఒక్కొక్క కోడికి లోపల నాలుగు చదరపు అడుగులు ఇవ్వాలని నా లెక్క. ఎనిమిది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు గల షెడ్డులో పది, పన్నెండుకు మించి ఉంచరాదు. ఇరుకు పెరిగితే పోట్లాటలు, జబ్బులు, తడి రెట్ట పెరుగుతాయి. నేలపై మూడు నాలుగు అంగుళాల మందాన వరి ఊక పరిచి, రెండు రోజులకొకసారి తిరగవేయాలి. తడిసిన చోట ఎప్పటికప్పుడు తీసివేయాలి. గూడు బాగున్నదో లేదో చెప్పే పరికరం మన ముఖం మీదే ఉన్నది: కోడి ఎత్తుకు వంగి శ్వాస తీసుకోండి. కళ్లు మండితే గాలి చాలలేదని అర్థం.

మూడవది దూరం. వంటగది కిటికీ నుంచి, బావి లేదా బోరు నుంచి కనీసం ముప్పై అడుగులు ఉంటే మంచిది. అంత జాగా లేనివారు షెడ్డు తలుపును ఇంటివైపు కాక అవతలివైపుకు మార్చాలి. కోళ్లు తిరిగే చోటికి తడికతోనో, జాలీతోనో కంచె వేసి, పిల్లలు ఆడుకునే పెరటి భాగాన్ని విడదీయాలి. ఈ కంచె ఖర్చునే చాలామంది తగ్గించుకుంటారు. నన్నడిగితే, కోళ్లను రెండు తగ్గించి అయినా కంచె వేయించాలి.

దాణా నిల్వ గురించి ఒక హెచ్చరిక. నూకలు, జొన్నలు సంచిలో ఉంచితే ఎలుకలు వస్తాయి. ఎలుకల వెంట పాములు వస్తాయి. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటు మరణాలు ఏటా సగటున 58,000 అని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ కూడా వస్తుంది. దాణాను మూత బిగిసే ఇనుప డబ్బాలో ఉంచండి; గుడ్ల కోసం చీకట్లో చేయి పెట్టకండి, టార్చి లైటు వేసి చూడండి. నీటి తొట్టిని రోజూ కడిగి నింపండి. లేనిచో డెంగీ దోమకు అదే నివాసం అవుతుంది.

చేయి, చెప్పు, గుడ్డు

సాల్మొనెల్లా, క్యాంపైలోబాక్టర్ అనే క్రిములు ఆరోగ్యంగా కనిపించే కోడి పేగులలోనూ ఉంటాయి. ‘మా కోళ్లు శుభ్రంగా ఉన్నాయి’ అనడం వైద్యపరంగా అర్థం లేని మాట. ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. టైఫాయిడ్‌ను కలిగించే సాల్మొనెల్లా మనుషులకే పరిమితమైనది. కోళ్ల ద్వారా వచ్చేది వేరొక రకం. అది జ్వరం, కడుపునొప్పి, విరేచనాలతో సాధారణంగా వారంలో తగ్గిపోయినా, పసిపిల్లల్లో, వృద్ధుల్లో, మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో రక్తంలోకి పాకి ప్రాణాపాయం తేగలదు. క్యాంపైలోబాక్టర్ విరేచనాలు తగ్గిన కొన్ని రోజుల తరువాత, అరుదుగా, కాళ్లు చేతులు చచ్చుబడే గులియన్ బారీ జబ్బు రావచ్చు.

నివారణకు పెద్ద ఖర్చు అక్కరలేదు. గూటికి ఒక జత చెప్పులు ప్రత్యేకించండి. అవి గడప దాటి ఇంట్లోకి రాకూడదు. గూటి పక్కనే నీళ్ల బకెట్టు, సబ్బు ఉండాలి; చేతులు కడుక్కోవడం ఇంట్లోకి వెళ్లాక కాదు, వెళ్లక ముందే జరగాలి. ఊడ్చే ముందు కొద్దిగా నీళ్లు చిలకరించి, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. అయిదేళ్లలోపు పిల్లలకు కోడిపిల్లలను ఎత్తుకోనివ్వరాదు. చూడముచ్చటగా ఉంటుందని ఫొటో కోసం పసిబిడ్డ ఒడిలో కోడిపిల్లను పెట్టే తల్లిదండ్రులు ఈ మాటకు నొచ్చుకుంటారని తెలిసీ చెబుతున్నాను.

గుడ్లను రోజుకు రెండుసార్లు సేకరించాలి. పెంకు మీద రెట్ట అంటితే పొడిగుడ్డతో తుడవాలి. కడిగి నిల్వ చేయరాదు, తడి పెంకులోని సన్నని రంధ్రాల గుండా క్రిములు లోపలికి పోతాయి. కడగదలిస్తే వండబోయే ముందే కడగాలి. పచ్చిగుడ్డు బలమన్న నమ్మకం మన పల్లెల్లో ఇంకా పోలేదు. బాలింతలకు, వ్యాయామం చేసే కుర్రవారికి, కొన్ని ఊళ్లలో రజస్వల అయిన ఆడపిల్లలకు పచ్చిగుడ్డు తాగిస్తారు. నిజానికి ఉడికిన గుడ్డులోని మాంసకృత్తులే ఒంటికి బాగా పడతాయి. పచ్చిది పెట్టడం వల్ల బలం తగ్గుతుంది, ప్రమాదం పెరుగుతుంది. సొన గట్టిపడే దాకా ఉడికించినదే పిల్లలకు, గర్భిణులకు పెట్టాలి. ఇక రెట్ట ఎరువు ఎంత మంచిదైనా, పచ్చిది తెచ్చి ఆకుకూర మడిలో వేయకండి; కనీసం మూడు నాలుగు నెలలు గుంటలో మాగనివ్వండి.

మిగిలిన మాత్రలు కోళ్లకు కావు

ఇంట్లో కోడి తూగుతూ ఉంటే, మనకు మిగిలిన యాంటీబయాటిక్ గొట్టాన్ని విప్పి నీళ్లలో కలిపి పోయడం సర్వసాధారణం. ‘మందులు లేని గుడ్డు’ కోసం కోళ్లను పెంచేవారే ఈ పని చేయడం విచిత్రం. కోళ్లను ఎక్కువగా బలిగొనే కొక్కెర తెగులు వైరసు వల్ల వచ్చేది. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. ఆ మందు మాత్రం గుడ్డులోకి వస్తుంది. కోడి పేగులలోని క్రిములకు మందును తట్టుకోవడం నేర్పుతుంది. ఆ క్రిములు మన చేతికి అంటుతాయి. మనుషులకు చివరి ఆశగా మిగిలిన కొలిస్టిన్ అనే మందును ఆహారం కోసం పెంచే జంతువుల్లో, కోళ్లలో వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో నిషేధించడానికి కారణం ఇదే. పెద్ద ఫారాలను నిందించే హక్కు మన పెరటిని సరిదిద్దుకున్న తరువాతే వస్తుంది.

కొక్కెర తెగులుకు మందు లేదు, టీకా ఉన్నది. పిల్లకు వారం రోజులప్పుడు కంటిలో లేదా ముక్కులో చుక్కలుగా, తరువాత ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య సూదిగా వేస్తారు. మీ పశువైద్యుని సలహాతో మిగిలిన టీకాలు కూడా వేయించండి.

ఒక్క ఇంటి విషయం కాదు

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ సోకి కోళ్లు పెద్దసంఖ్యలో చనిపోయాయి. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల చిన్నారి హెచ్5ఎన్1 సోకి మరణించింది. వంటకు కోస్తున్న పచ్చి కోడిమాంసం ముక్కను ఆ బిడ్డ తిన్నదని వార్తలు వెలువడ్డాయి. అది పెరటి గూడు వల్ల జరిగినది కాదు. కానీ పచ్చి మాంసానికీ పసిబిడ్డ చేతికీ మధ్య ఏ అడ్డూ లేకపోతే ఏం జరుగుతుందో ఆ మరణం చెబుతున్నది. ఈ వైరసు మనుషులకు సోకడం చాలా అరుదు. సోకితే మాత్రం గుర్తించిన కేసులలో సగానికి దగ్గరగా మరణించారు. బాగా ఉడికిన మాంసం, గుడ్డు తినడానికి భయం అక్కరలేదు. 70 డిగ్రీల వేడికి వైరసు నశిస్తుంది.

పెరటి గూటిని బర్డ్ ఫ్లూ నుంచి కాపాడటమంటే అడవి పక్షుల నుంచి కాపాడటమే. కొంగలు, కాకులు, వలస బాతులు దిగే చెరువు దగ్గరి ఇళ్లవారు దాణాను, నీటిని షెడ్డు లోపలే ఉంచాలి. కోళ్లను చెరువు గట్టుకు వదలరాదు. బాతులను, కోళ్లను ఒకే గూట్లో ఉంచరాదు. ఒకటి రెండు రోజుల్లో పలు కోళ్లు చనిపోతే వాటిని కోయకండి, అమ్మకండి, కాలువలో పారేయకండి. చేతులకు తొడుగు లేకుండా ముట్టుకోకండి. దగ్గరి పశువైద్యశాలకు గాని, పశువుల అంబులెన్సు నంబరు 1962కు గాని తెలియజేయండి. ఆ తరువాత పది రోజుల్లో ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు వస్తే, కోళ్లు చనిపోయిన సంగతిని డాక్టరుకు మొదటి వాక్యంలోనే చెప్పండి. అది తెలియని డాక్టరు మామూలు జలుబుకు ఇచ్చే మందు ఇచ్చి పంపుతాడు.

కానీ ఎందుకు చెప్పరు? చెబితే అధికారులు వచ్చి చుట్టూ కిలోమీటరు పరిధిలోని కోళ్లన్నింటినీ చంపుతారన్న భయం. పేద ఇల్లాలికి పది కోళ్లంటే పండగ ఖర్చు, పిల్ల ఫీజు. ఆ భయాన్ని తప్పుపట్టలేను. పరిహారం ఆలస్యం లేకుండా, పెరటి కోడికి కూడా ఫారం కోడితో సమానంగా చేతికి అందుతుందన్న నమ్మకం కలిగించడం ప్రభుత్వ బాధ్యత. అలాగే మహిళా సంఘాల ద్వారా కోడిపిల్లలను పంచే ఏ పథకమైనా, పిల్లలతోపాటు జాలీ, తడికలు, టీకా కూడా ఇచ్చినప్పుడే పూర్తయినట్టు లెక్కించాలని నా అభిప్రాయం. మరుగుదొడ్డి కట్టుకోవడానికి డబ్బు ఇచ్చే ప్రభుత్వానికి, కోళ్ల గూడు కూడా అదే కోవలోనిదని ఒప్పించడం కష్టం కాకూడదు.

చివరిగా, పెరటి షెడ్డును చూస్తూ ఆలోచిస్తున్న పాఠకులకు నా విన్నపం ఇది. కోళ్లను కొనే ముందు ఒక ఆదివారం ఆ షెడ్డుకు కేటాయించండి. రేకు చూడండి, రంగు గీకకుండా చూడండి, మందు డబ్బాలు లెక్కపెట్టండి, గాలి ఎటు వీస్తున్నదో గమనించండి, వంటగదికి అడుగులు కొలవండి. కంచె, జాలీ, సబ్బు, వేరే చెప్పులు: వీటి ఖర్చు ముందు రాసి, మిగిలిన డబ్బుకు ఎన్ని కోళ్లు వస్తాయో అన్నే కొనండి. మిగిలిన డబ్బుకు రెండు కోళ్లే వస్తే ఆ రెండింటితోనే మొదలుపెట్టండి. పిల్లల కంచంలోకి గుడ్డు రావడానికి అవి చాలు.